ఆధార్ నుంచి ఆస్తి కాగితాల దాకా: ఫైళ్లు పంపడానికి ఏ సేవను ఎంతవరకు నమ్మొచ్చు?

ఇంటి లోన్ కోసం బ్యాంకు ఏజెంటు పాన్, ఆధార్, ఫారం 16 అడుగుతాడు. ఆడిటరుకు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు కావాలి. అమెరికాలో ఎమ్మెస్ చేయబోయే అమ్మాయి కన్సల్టెన్సీకి పాస్‌పోర్టుతోపాటు నాన్నగారి డిపాజిట్ల కాగితాలూ పంపాలి. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య గుంటూరు దగ్గరి పొలం అమ్మకానికి పవర్ ఆఫ్ అటార్నీ స్కాన్ చేసి పంపాలి. మన ఇళ్లలో బీరువాలో దాచుకునే కాగితాలన్నీ ఇప్పుడు ఏదో ఒక యాప్‌లోంచో, లింకులోంచో వెళ్తున్నాయి.

మరి వేటితో పంపాలి? ఏ కంపెనీ పేజీ తెరిచినా "మీ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి భద్రంగా ఉంచుతాం" అనే ఉంటుంది. దాదాపు అన్ని కంపెనీల విషయంలోనూ ఆ మాట నిజమే. అందుకే దాన్ని చూసి ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు. నా లెక్కలో అడగాల్సిన ప్రశ్నలు ఐదు. వాటిలో మొదటి రెండే బరువైనవి.

## ముందు అడగాల్సిన ప్రశ్నలు

తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఎన్‌క్రిప్షన్ అంటే ఫైలుకు తాళం వేయడమే అనుకుందాం. మీ ఫోన్ నుంచి కంపెనీ సర్వరుకు వెళ్లే దారిలో ఒక తాళం, సర్వరులో ఉన్నంతకాలం ఇంకో తాళం అందరూ వేస్తారు. ఆ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటే బయటి దొంగ ఆగుతాడు గానీ, కంపెనీ తలచుకుంటే ఫైలు తెరవగలదు. ప్రభుత్వం అడిగితే తెరిచి ఇవ్వగలదు. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే మీ పరికరంలోనే తాళం పడుతుంది, చెవి మీ దగ్గర, అందుకునేవాళ్ల దగ్గర మాత్రమే ఉంటుంది. దీనికీ ఓ ఖరీదు ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోయి, రికవరీ కీ (అప్పుడు ఖాతా తెరవడానికి ముందే ఇచ్చే కోడ్) కూడా పోగొట్టుకుంటే ఆ ఫైళ్లను కంపెనీ కూడా తెచ్చి ఇవ్వలేదు.

లింకు ఎప్పుడు ఆగిపోతుంది? "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని పెట్టిన ఫైలును ఆ లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు తెరుస్తారు. లోన్ మంజూరై, ఏజెంటు ఉద్యోగం మారిపోయినా ఆ లింకు అతని పాత చాట్‌లో పనిచేస్తూనే ఉంటుంది. సర్వర్ల మీద దాడులు వార్తల్లోకి వస్తాయి. ఆపకుండా వదిలేసిన లింకుల గురించి ఎవరూ రాయరు. మామూలు కుటుంబాలకు మాత్రం ఎక్కువ ముప్పు వాటితోనే అని నా నమ్మకం. పాస్‌వర్డ్ పెట్టడం, గడువు పెట్టడం, ఎప్పుడంటే అప్పుడు ఆపేయడం, ఈ మూడూ ఉన్నాయా, ఉచిత ఖాతాలో దొరుకుతాయా చూడాలి.

లోపలి సంగతి కాకుండా ఇంకేం తెలుస్తుంది? ఫైలు తెరవలేకపోయినా "నాన్న_బయాప్సీ_రిపోర్ట్" అన్న పేరు కనిపిస్తే చాలు, విషయం తెలిసిపోయినట్టే. కొన్ని సేవలు పేర్లను కూడా దాస్తాయి, కొన్ని దాచవు. మీ ఐపీ అడ్రసు (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు), పంపిన సమయం, ఎవరికి పంపారన్నది చాలా సేవలకు తెలుస్తూనే ఉంటాయి.

కంపెనీ ఏ దేశపు చట్టం కింద ఉంది? అమెరికా కంపెనీలకు 2018 నాటి క్లౌడ్ చట్టం వర్తిస్తుంది. డేటా వేరే దేశపు సర్వరులో ఉన్నా అమెరికా అధికారులు చట్టప్రకారం అడిగితే ఇవ్వాలి. మన దేశంలో ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం సమాచారాన్ని విప్పి ఇమ్మని ఆదేశించవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీల నిర్లక్ష్యానికి రూ. 250 కోట్ల దాకా జరిమానా పెట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. అయితే ఒక వ్యక్తి సొంత, ఇంటి అవసరాలకు చేసే పనులకు ఆ చట్టం వర్తించదు. మీరు పంపిన కాగితాన్ని బంధువొకరు ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తే ఈ చట్టం మీకు తోడు రాదు.

అవతలివాళ్లకు చేతనవుతుందా? ఎంత గట్టి సేవ అయినా, ఊళ్లో ఉన్న పెద్దనాన్న దాన్ని తెరవలేక "వాట్సాప్‌లో పెట్టెయ్ రా" అంటే అంతటితో దాని పని అయిపోయింది.

## గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్

మూడూ అమెరికా కంపెనీలవి. మామూలు ఖాతాల్లో మూడింటి తాళంచెవులూ కంపెనీల దగ్గరే ఉంటాయి.

గూగుల్ డ్రైవ్ ఆండ్రాయిడ్ ఫోన్లతో వస్తుంది కాబట్టి నేర్పాల్సిన పని ఉండదు. జీమెయిల్, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీ ఉచితం. డ్రైవ్‌లోని ఫైళ్లను ప్రకటనల కోసం వాడబోమని గూగుల్ చెబుతోంది. కానీ పిల్లల మీద లైంగిక అకృత్యాల చిత్రాలు, వైరస్‌ల వంటివాటి కోసం ఫైళ్లను యంత్రాలతో వెతుకుతుంది. ఆ వెతుకులాట అవసరమైనదే, అది పొరబడినప్పుడు ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి 2021లో జబ్బుపడిన తన పసివాడి ఫొటోను డాక్టరు కోసం తీశాడు. అది తనంతట తానే గూగుల్ ఖాతాలోకి బ్యాకప్ అయింది. గూగుల్ దాన్ని నేరంగా అనుమానించి ఖాతా మూసేసింది. పోలీసులు విచారించి అతని తప్పేమీ లేదని తేల్చినా ఖాతా తిరిగి ఇవ్వలేదు. న్యూయార్క్ టైమ్స్ 2022లో ఈ సంగతి బయటపెట్టింది. చెవి కంపెనీ దగ్గర ఉండటం అంటే ఇదీ ఉంటుంది. చిన్నపిల్లల వైద్యానికి సంబంధించిన ఫొటోలను ఇటువంటి ఖాతాల్లో ఉంచకపోవడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

లింకు విషయంలో డ్రైవ్‌కు ఒక బలం, ఒక లోపం ఉన్నాయి. ఎవరి మెయిల్ ఐడీకి ఇస్తే వాళ్లు మాత్రమే తెరిచేలా పెట్టొచ్చు. ఇది చాలామంది వాడని మంచి సౌకర్యం. లింకుకు పాస్‌వర్డ్ పెట్టడం మాత్రం లేదు. గడువు తేదీ పెట్టే వీలు సాధారణ ఉచిత ఖాతాకు లేదు. అంటే పని అయ్యాక మీరే గుర్తుపెట్టుకుని ఆపాలి.

వన్‌డ్రైవ్‌లో పాస్‌వర్డ్, గడువు రెండూ ఉన్నాయి, మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టినవాళ్లకు. ఆఫీసు వాళ్లు ఎలాగూ కడుతున్నారు కాబట్టి వాళ్లకు ఇది డ్రైవ్ కన్నా మెరుగు. డ్రాప్‌బాక్స్‌లోనూ ఆ రెండూ డబ్బు కట్టే ప్లాన్లకే. 2011 జూన్‌లో ఒక లోపం వల్ల కొన్ని గంటలపాటు ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఎవరి ఖాతా అయినా తెరుచుకుంది. 2012లో జరిగిన దొంగతనంలో దాదాపు 6.8 కోట్ల ఖాతాల మెయిల్ ఐడీలు, హ్యాష్ చేసిన (అర్థంకాని అక్షరాలుగా మార్చి దాచిన) పాస్‌వర్డ్‌లు పోయాయని 2016లో బయటపడింది. తర్వాత భద్రత చాలా పెంచారు. కానీ 2 జీబీ ఉచిత స్థలం కోసం కొత్తగా అక్కడికి వెళ్లాల్సిన కారణం నాకు కనిపించదు.

ఐఫోన్ వాడేవాళ్లకు ఒక మాట. ఐక్లౌడ్‌లో 2022 డిసెంబరు నుంచి అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ అనే సెట్టింగు ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఐక్లౌడ్ డ్రైవ్ కూడా ఎండ్-టు-ఎండ్ అవుతుంది. అయితే "లింకు ఉన్న ఎవరికైనా" అని పంచుకున్న ఫైళ్లకు ఆ రక్షణ ఉండదు. పైగా బ్రిటన్ ప్రభుత్వం ఒత్తిడి తెచ్చాక 2025 ఫిబ్రవరిలో ఆపిల్ అక్కడ కొత్తవాళ్లకు ఈ సెట్టింగు ఇవ్వడం ఆపేసింది. లండన్‌లో చదువుతున్న మన పిల్లలకు ఇది నేరుగా తగిలే విషయం.

## వీట్రాన్స్‌ఫర్

పెళ్లి వీడియోలు, ఆల్బమ్ డిజైన్లు పంపే స్టూడియోల వాళ్లు దీన్నే వాడతారు. ఫైలు ఎక్కిస్తే లింకు వస్తుంది, కొద్దిరోజులకు ఫైలు దానంతట అదే పోతుంది. ఈ ఒక్క గుణం గోప్యతకు చాలా మేలు. మర్చిపోయినా లింకు చచ్చిపోతుంది.

అయితే చెవి కంపెనీ దగ్గరే, పాస్‌వర్డ్ డబ్బు కట్టినవాళ్లకే. 2019 జూన్‌లో రెండు రోజులపాటు కొందరి ఫైళ్ల లింకులు సంబంధం లేనివాళ్ల మెయిళ్లకు వెళ్లాయి. 2025 జులైలో నిబంధనలు మార్చినప్పుడు, ఫైళ్లను కృత్రిమ మేధకు శిక్షణగా వాడతారేమోనని అనుమానం వచ్చేలా ఒక వాక్యం ఉంది. కళాకారులు గొడవ చేశాక ఆ వాక్యం తీసేసి, అలా వాడబోమని చెప్పారు. మన టెలికాం శాఖ 2020 మేలో ఈ సైటును ఆపమని ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశించిన సంగతి కూడా ఉంది. అందుకే పని పెట్టుకునే ముందు అవతలివాళ్ల నెట్‌లో తెరుచుకుంటుందో లేదో కనుక్కోండి. పెళ్లి వీడియోకు సరే, సేల్ డీడ్‌కు వద్దు.

## మెగా

న్యూజిలాండ్ కంపెనీ. ఫైళ్లు పంచుకునే సైటు మెగాఅప్‌లోడ్‌ను 2012లో అమెరికా మూయించాక, మరుసటి ఏడాది జనవరిలో కిమ్ డాట్‌కామ్ దీన్ని మొదలుపెట్టాడు, తర్వాత తప్పుకున్నాడు. 20 జీబీ ఉచితం, మొదటి నుంచీ ఎండ్-టు-ఎండ్.

దీని లింకు పనిచేసే తీరు తెలుసుకుంటే మిగతావీ అర్థమవుతాయి. మెగా లింకులో # గుర్తు ఉంటుంది. గుర్తుకు ముందున్నది ఫైలు చిరునామా, తర్వాతున్నది తాళంచెవి. బ్రౌజరు # తర్వాతి భాగాన్ని సర్వరుకు పంపదు. కాబట్టి ఫైలు మెగా దగ్గర, చెవి మీ లింకులో ఉంటాయి. మొత్తం లింకు ఎవరికి దొరికినా ఫైలు తెరుచుకుంటుంది. అందుకే చెవి లేని లింకును మెయిల్‌లో, చెవిని విడిగా ఫోన్ సందేశంలో పంపే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. ముఖ్యమైన కాగితాలకు ఆ పద్ధతే వాడాలి. లింకుకు పాస్‌వర్డ్, గడువు మాత్రం డబ్బు కట్టినవాళ్లకే.

2022 జూన్‌లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెగా ఎన్‌క్రిప్షన్‌లో పెద్ద లోపాలు పట్టుకున్నారు. మెగా సర్వర్లను చేతిలోకి తీసుకున్నవాళ్లు, ఒక వినియోగదారు పదేపదే లాగిన్ అయ్యాక అతని ప్రధాన చెవిని రాబట్టవచ్చని చూపించారు. అందుకు మొదట చెప్పిన లెక్క 512 లాగిన్లు. మెగా ఆ దాడిని అడ్డుకునే మార్పులు చేసింది. "కంపెనీ కూడా చూడలేదు" అన్న హామీ మాటల్లో ఉంటే చాలదు, కట్టుబడిలో ఉండాలి. అదే ఈటీహెచ్ వాళ్లు 2024లో సింక్, పీక్లౌడ్, ఐస్‌డ్రైవ్, సీఫైల్, ట్రెసోరిట్‌లను పరీక్షించి మొదటి నాలుగింటిలో తీవ్రమైన లోపాలు చూపించారు. ట్రెసోరిట్ వాటికన్నా చాలా నయం అనిపించుకుంది. అది స్విస్ పోస్ట్ చేతిలో ఉన్న సేవ, ఖరీదెక్కువ. లాయర్లు, ఆస్పత్రుల స్థాయిలో ఆలోచించదగినది.

## ప్రోటాన్ డ్రైవ్

స్విట్జర్లాండ్ కంపెనీ, డ్రైవ్ 2022 సెప్టెంబరులో అందరికీ వచ్చింది. ఉచితంగా 5 జీబీ. ఫైళ్లే కాదు, వాటి పేర్లూ ఎన్‌క్రిప్ట్ అవుతాయి. యాప్‌ల కోడ్ బయట పెట్టారు కాబట్టి ఎవరైనా పరిశీలించవచ్చు. లింకుకు పాస్‌వర్డ్, గడువు పెట్టే ఏర్పాటు ఉంది. అందుకునేవాళ్లకు ఖాతా అక్కర్లేదు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

"స్విస్ చట్టం" అనగానే అన్నిటికీ అతీతం అనుకోవద్దు. 2021లో ఫ్రెంచ్ పోలీసుల కోరికపై స్విస్ అధికారులు ఆదేశించగా, ప్రోటాన్ తన మెయిల్ వాడే ఒక పర్యావరణ ఉద్యమకారుడి ఐపీ అడ్రసు నమోదు చేసి ఇవ్వాల్సి వచ్చింది. మెయిళ్లలోని సంగతులు ఇవ్వలేదు, చెవి దాని దగ్గర లేదు కాబట్టి ఇవ్వడం సాధ్యమూ కాదు. ఎండ్-టు-ఎండ్ ఎంతవరకు కాపాడుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. లోపలి విషయం దాగుతుంది, మీరు ఎక్కడి నుంచి వాడారన్నది దాగకపోవచ్చు.

## వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్

నిజానికి మనవాళ్లలో ఎక్కువమంది ఫైళ్లు పంపేది వీటితోనే. వాట్సాప్ 2016 నుంచి ఎండ్-టు-ఎండ్. 2 జీబీ దాకా డాక్యుమెంటు పంపొచ్చు. దారిలో దొంగిలించడం కష్టమే. చిక్కంతా ఫైలు చేరాక.

చేరిన ఫైలు అవతలి ఫోన్‌లో కూర్చుంటుంది. బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ రక్షణ 2021 నుంచి ఉన్నా, దాన్ని మీరూ, అవతలివాళ్లూ ఎవరికి వాళ్లు ఆన్ చేసుకోవాలి. అవతలివాళ్లు చేయకపోతే మీ కాగితం వాళ్ల క్లౌడ్ ఖాతాలో ఆ రక్షణ లేకుండా ఉంటుంది. ఇక జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు. ప్రింటు కోసం ఆధార్‌ను షాపు నంబరుకు వాట్సాప్ చేస్తాం. షాపు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ రోజంతా తెరిచే ఉంటుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఊరందరి ఆధార్లూ పేరుకుంటాయి. యజమాని మంచివాడే కావచ్చు, ఆ కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు రోజుకొకరు. ప్రింటు తీసుకున్నాక చాట్‌లోంచీ ఫోల్డరులోంచీ తీసేయమని అక్కడే నిలబడి అడగండి. పూర్తి నంబరు అక్కర్లేని చోట, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ జారీచేసే యూఐడీఏఐ సైటులో దొరుకుతుంది.

ఫొటోను డాక్యుమెంటుగా పంపితే అది తీసిన చోటు వివరాలు కూడా వెంట వెళ్తాయి. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ వాటిని తీసేస్తుంది.

టెలిగ్రామ్ గురించి మనలో ఒక అపోహ పాతుకుపోయింది. మామూలు చాట్లు, గ్రూపులు ఎండ్-టు-ఎండ్ కావు, చెవి టెలిగ్రామ్ దగ్గరే ఉంటుంది. సీక్రెట్ చాట్ విడిగా మొదలుపెడితేనే ఆ రక్షణ. చట్టప్రకారం అడిగితే ఫోన్ నంబరు, ఐపీ అడ్రసు ఇస్తామని 2024 సెప్టెంబరులో నిబంధనల్లో మార్చుకుంది. పోటీ పరీక్షల నోట్సుకు బాగుంటుంది, పాస్‌పోర్టుకు కాదు.

సిగ్నల్ మూడింటిలో గట్టిది. 2016లో అమెరికా కోర్టు నుంచి ఆదేశం వస్తే, ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్న రెండు తేదీలు మాత్రమే ఇవ్వగలిగింది, అంతకుమించి దాని దగ్గర లేదు. అవతలివాళ్ల ఫోన్‌లో అది ఉండకపోవడమే ఇబ్బంది.

## ఒక్కచోట చూస్తే

| సేవ | తాళంచెవి | లింకుకు పాస్‌వర్డ్, గడువు | అవతలివాళ్లకు |
|---|---|---|---|
| గూగుల్ డ్రైవ్ | కంపెనీ దగ్గర | ఉచిత ఖాతాలో లేవు, మెయిల్ ఐడీకి పరిమితం చేయొచ్చు | చాలా సులువు |
| వన్‌డ్రైవ్ | కంపెనీ దగ్గర | చందాదారులకు ఉన్నాయి | సులువు |
| డ్రాప్‌బాక్స్ | కంపెనీ దగ్గర | డబ్బు కడితే | సులువు |
| వీట్రాన్స్‌ఫర్ | కంపెనీ దగ్గర | గడువు దానంతట అదే, పాస్‌వర్డ్ డబ్బు కడితే | సులువు |
| మెగా | మీ దగ్గర | డబ్బు కడితే, చెవిని విడిగా పంపొచ్చు | ఓ మోస్తరు |
| ప్రోటాన్ డ్రైవ్ | మీ దగ్గర | ఉన్నాయి | సులువే |
| వాట్సాప్ | మీ ఇద్దరి దగ్గర | లింకు ఉండదు, ఫైలు అవతలి ఫోన్‌లో మిగులుతుంది | అందరికీ వచ్చు |
| టెలిగ్రామ్ మామూలు చాట్ | కంపెనీ దగ్గర | లింకు ఉండదు | సులువు |
| సిగ్నల్ | మీ ఇద్దరి దగ్గర | లింకు ఉండదు, మాయమయ్యే సందేశాలున్నాయి | యాప్ ఉండాలి |

## ఎవరికి ఏది

ఆడిటరుకు, బ్యాంకు ఏజెంటుకు పంపేవాళ్లు. ప్రోటాన్ డ్రైవ్‌లో పెట్టి, పాస్‌వర్డ్‌తో, కొద్దిరోజుల గడువుతో లింకు ఇవ్వండి. పాస్‌వర్డ్ ఫోన్ చేసి చెప్పండి, అదే మెయిల్‌లో రాయొద్దు. కొత్త యాప్ వద్దంటే పీడీఎఫ్‌కే పాస్‌వర్డ్ పెట్టి మామూలుగా మెయిల్ చేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు అలాగే వస్తాయి కాబట్టి తెరవడం అందరికీ అలవాటే. ఈ-ఆధార్‌కు ఉండే పాస్‌వర్డ్ పద్ధతి, పేరులో నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, మీరు అనుసరించొద్దు. మిమ్మల్ని కాస్త ఎరిగినవాళ్లెవరైనా ఊహించేస్తారు.

అన్నదమ్ములు వేర్వేరు దేశాల్లో ఉండి ఆస్తి కాగితాలు కలిసి చూసుకునేవాళ్లు. ఇది ఒకసారి పంపి మర్చిపోయే పని కాదు, నెలల తరబడి సాగుతుంది. ఎండ్-టు-ఎండ్ సేవలో ఒకే ఫోల్డరు పెట్టి, ఎవరి ఖాతాలతో వాళ్లు చేరండి. ఇందుకు మెగా, ప్రోటాన్ రెండూ పనికొస్తాయి. నేనైతే ప్రోటాన్ వైపే మొగ్గుతాను. స్థలం చాలకపోతే మెగా. రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించండి. తాళంచెవి తెలిసిన ఒక్క మనిషికి ఏదైనా అయితే, ఆ ఫోల్డరు మిగతావాళ్లకు ఎప్పటికీ తెరుచుకోకపోవచ్చు.

ఇప్పటికే అంతా గూగుల్ డ్రైవ్‌లో ఉన్నవాళ్లు. మారే ఓపిక లేకపోతే ముఖ్యమైన ఫోల్డరు ఒక్కదాన్ని క్రిప్టోమేటర్‌తో మూయండి. కోడ్ బహిరంగంగా ఉన్న జర్మన్ సాఫ్ట్‌వేర్ అది. ఫైళ్లు, పేర్లు మీ కంప్యూటర్లోనే ఎన్‌క్రిప్ట్ అయి డ్రైవ్‌లోకి వెళ్తాయి, గూగుల్‌కు అర్థంకాని అక్షరాలే కనిపిస్తాయి. దాచుకోవడానికి చాలా మంచిది. పంచుకోవడానికి అంత కుదరదు, అవతలివాళ్లకూ అది ఉండాలి. ఒక్కసారి పంపే ఫైలైతే, ఫైళ్లను కుదించి పాస్‌వర్డ్‌తో మూసే 7-జిప్ సాఫ్ట్‌వేర్‌లో 7జెడ్ రకం ఎంచుకుని, ఫైలు పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే గడిలో టిక్ పెట్టండి. పాత జిప్ రకం ఎన్‌క్రిప్షన్ బలహీనమైనది.

వైద్య రిపోర్టులు పంపేవాళ్లు. డాక్టరుగారికి సిగ్నల్ ఉంటే అదే. లేకపోతే వాట్సాప్‌లో మాయమయ్యే సందేశాలు 7 రోజులకు పెట్టుకుని పంపండి. ఫైలు పేరులో జబ్బు పేరు, మనిషి పేరు రెండూ రాయకండి.

విలేకరులు, సమాచార హక్కు కార్యకర్తలు, బెదిరింపులున్నవాళ్లు. మీ విషయంలో ఐపీ అడ్రసు కూడా దాగాలి. పై సేవలన్నీ మీకు అరకొరే. వాడేవాళ్ల ఐపీ అడ్రసును దాచే టోర్ నెట్‌వర్క్ మీద నడిచే ఆనియన్‌షేర్ చూడండి. ఫైలు ఏ కంపెనీ సర్వరుకూ ఎక్కదు, మీ కంప్యూటరు నుంచే నేరుగా వెళ్తుంది. అందుకని అవతలివాళ్లు తీసుకునేదాకా కంప్యూటరు ఆన్‌లో ఉండాలి.

ప్రభుత్వ కాగితాలైతే అసలు ఫైలే పంపాల్సిన అవసరం ఉందా అని ముందు అడగండి. అవతలి సంస్థ డిజిలాకర్ నుంచి మీ అనుమతితో నేరుగా తీసుకునే వీలుంటే కాపీలు తిరగవు.

ఏది ఎంచుకున్నా, ఈ వారంలో ఒక పని చేయండి. డ్రైవ్‌లో ఆధార్, పాన్, పాస్‌పోర్ట్ అని ఒక్కొక్క మాటా వెతకండి. దొరికిన ప్రతి ఫైలు మీద షేర్ నొక్కితే కింద అది ఎవరికి తెరుచుకుంటుందో కనిపిస్తుంది. "ఎనీవన్ విత్ ద లింక్" అని ఉంటే "రెస్ట్రిక్టెడ్"కు మార్చండి. పైన పేర్ల జాబితాలో పాత ఏజెంటు, పాత కన్సల్టెన్సీ మెయిల్ ఐడీలు ఉంటే వాటినీ తీసేయండి. మెగా, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, ప్రోటాన్ వాడేవాళ్లకు, తాము పంచుకున్నవన్నీ ఒకేచోట చూపే పేజీ ఉంది. అక్కడినుంచే ఒక్కొక్క లింకూ తీసేయొచ్చు.